హెచ్‌ఓఏ ఉత్తరం వచ్చాక: ఎవరి లాయరు, ఏ లాయరు?

అమెరికాలో ఇల్లు కొనుక్కున్న కుటుంబానికి హెచ్‌ఓఏతో, అంటే కాలనీలోని ఇళ్ల యజమానుల సంఘంతో (హోమ్‌ఓనర్స్ అసోసియేషన్), తగాదా చాలాసార్లు సర్టిఫైడ్ మెయిల్‌లో వచ్చిన ఒక ఉత్తరంతో మొదలవుతుంది. అంతకుముందు అసోసియేషన్ పనులు చూసే మేనేజ్‌మెంట్ కంపెనీ నుంచి రెండు మూడు ఈమెయిళ్లు వచ్చే ఉంటాయి, కాని అవి ఆఫీసు పనుల ఒత్తిడిలో ఎవరి కంటా పడవు. ఈసారి కవరు మీద ఉన్నది మేనేజ్‌మెంట్ కంపెనీ పేరు కాదు, ఒక లా ఫర్మ్ పేరు. లోపల లెడ్జర్ అనే కాగితం ఒకటి ఉంటుంది. ఏడాది బకాయి 450 డాలర్లు అనుకుంటే, దాని కింద ఆలస్య రుసుము, వడ్డీ, సర్టిఫైడ్ మెయిల్ ఖర్చు, నోటీసు తయారీ ఖర్చు, అటార్నీ ఫీజు వరసగా పేరుకుని, అడుగున ఉన్న మొత్తం అసలు బాకీకి రెండు మూడింతలు అయి ఉంటుంది. ఆ కాగితం చూసి కంగారుపడిన మనిషి సాధారణంగా చేసే పని, ఉత్తరం పైభాగాన అచ్చయిన నంబరుకు ఫోన్ చేసి తన ఇబ్బందంతా చెప్పుకోవడం. లాయరుతో మాట్లాడాలి అని అనిపించిన క్షణానికి చేతిలో ఉన్న లాయరు నంబరు అదొక్కటే.

మొదటి తప్పు అక్కడే జరుగుతుంది. ఆ లాయరుకు క్లయింట్ అసోసియేషన్. డ్యూస్ (అసోసియేషన్‌కు యజమానులు కట్టే రుసుము) కడుతున్నది మనమే కాబట్టి ఆ డబ్బుతో పెట్టుకున్న లాయరు మనకు కూడా లాయరేనన్న నమ్మకం చాలామందిలో ఉంది. వృత్తి నియమాల ప్రకారం ఒక సంస్థ తరఫున పనిచేసే లాయరు బాధ్యత ఆ సంస్థకే గాని అందులోని సభ్యులకు కాదు. వ్యక్తులుగా చూస్తే బోర్డు సభ్యులకు కూడా కాదు. కనుక "ఉద్యోగం పోయింది, ఏప్రిల్ నుంచి కట్టలేదన్నది నిజమే" అని ఫోన్‌లో చెప్పిన మాట సానుభూతిని తేవచ్చు, తేకపోవచ్చు గాని, బాకీని ఒప్పుకున్నట్టుగా ఫైలులోకి మాత్రం తప్పక చేరుతుంది. ఆ సంభాషణకు పట్టిన సమయం అసోసియేషన్‌కు బిల్లవుతుంది. నిబంధన పత్రాలు అనుమతిస్తే ఆ బిల్లు తిరిగి అదే లెడ్జర్‌లోకి మరో వరసగా వచ్చి కూర్చోనూవచ్చు.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అపార్ట్‌మెంట్ సొసైటీని చూసి పెరిగినవారికి హెచ్‌ఓఏ శక్తిని తక్కువగా అంచనా వేసే అలవాటు ఉంటుంది. అక్కడ మెయింటెనెన్స్ కట్టకపోతే నోటీసు బోర్డు మీద ఫ్లాట్ నంబరు ఎక్కుతుంది, వాట్సాప్ గ్రూపులో మాటలు పడతాయి, సెక్రటరీ వచ్చి తలుపు తడతాడు. అమెరికాలో అసోసియేషన్ అధికారం స్నేహ సంబంధాల మీద కాక, కౌంటీ రికార్డుల్లో నమోదైన, కాలనీ నిబంధనలుండే డిక్లరేషన్ అనే పత్రం మీద నిలబడుతుంది. ఆ పత్రం భూమితోపాటు చేతులు మారుతుంది. కొన్నవాడు చదివినా చదవకపోయినా దానికి కట్టుబడినట్టే. డ్యూస్ బకాయికి ఆ ఇంటి మీదే లియెన్ (బాకీకి హామీగా ఆస్తి మీద హక్కు) ఉంటుంది, బాకీ తీరకపోతే ఫోర్‌క్లోజర్ (బాకీ కింద ఇంటిని వేలం వేయడం) దాకా పోతుంది. బ్యాంకు వాయిదాలు ఒక్కటీ తప్పకుండా కడుతున్న ఇల్లు కూడా కొన్ని వందల డాలర్ల హెచ్‌ఓఏ బాకీకి వేలానికి రావడం చట్టరీత్యా సాధ్యమే. దేశం మొత్తం మీద ఇలాంటి అసోసియేషన్లు మూడున్నర లక్షలకు పైగా ఉన్నాయి. ఫ్రిస్కో, ప్రాస్పర్, ఇర్వింగ్ వంటి డాలస్ పరిసర ఊళ్లలో కొత్త కాలనీలు దాదాపుగా అన్నీ వీటి కిందకే వస్తాయి కనుక, అక్కడ స్థిరపడిన తెలుగువారిలో ఎక్కువమందికి ఈ వ్యవస్థతో సంబంధం తప్పదు.

డిక్లరేషన్‌కు ఎంత బలముందో తెలియాలంటే కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1994లో ఇచ్చిన లేక్‌సైడ్ విలేజ్ తీర్పు చూడాలి. కల్వర్ సిటీలోని 530 యూనిట్ల ఆ కాండో (ఒక్కో యూనిట్ ఒక్కో యజమానికి సొంతమైన అపార్ట్‌మెంట్) సముదాయంలో ఒక యజమాని మూడు పిల్లులను పెంచుకున్నారు. అవి ఇల్లు దాటి బయటకు రావని, ఎవరికీ ఇబ్బంది లేదని, పిల్లుల మీద నిషేధం ఉన్న సంగతే తమకు తెలియదని వాదించారు. నమోదైన డిక్లరేషన్‌లో ఉన్న నిషేధాన్ని ఆ ఒక్క ఇంటి పరిస్థితిని బట్టి కాక మొత్తం సముదాయాన్ని దృష్టిలో పెట్టుకుని చూడాలని, అది అహేతుకమని తేలితే తప్ప అమలు చేయాల్సిందేనని కోర్టు చెప్పింది. కొన్నేళ్లకు కాలిఫోర్నియా శాసనసభ కనీసం ఒక పెంపుడు జంతువుకు అవకాశమిస్తూ చట్టం తెచ్చింది గాని, తీర్పులోని మూల సూత్రం అలాగే నిలిచింది. అందుకే ఈ రంగం తెలిసిన లాయరు "ఏం జరిగింది" అని అడిగిన వెంటనే "డిక్లరేషన్‌లో ఏముంది" అని అడుగుతాడు. ఆ రెండో ప్రశ్న అడగకుండానే ధైర్యం చెప్పే లాయరు దగ్గర కొంచెం ఆగి ఆలోచించడం మంచిది.

ఇక లాయర్ల సంగతి. హెచ్‌ఓఏ, కాండో చట్టంలో చేయితిరిగిన లాయర్లు లేకపోలేదు, కాని వాళ్లలో అత్యధికులు అసోసియేషన్ల వైపున ఉంటారు. కారణం ఆర్థికమైనది. అసోసియేషన్ ఏటా పని ఇచ్చే క్లయింట్. బకాయిల వసూలు, కాంట్రాక్టుల పరిశీలన, ఎన్నికలు, నిబంధనల సవరణ అన్నీ కలిపి ఒక్కో ఫర్మ్ వందల అసోసియేషన్లకు పనిచేస్తుంటుంది. ఇంటి యజమాని మాత్రం జీవితంలో ఒకసారి, అదీ చిన్న మొత్తం గురించి వస్తాడు. గంటకు వందల డాలర్లు తీసుకునే లాయరు వెయ్యి డాలర్ల వివాదం చేపడితే ఇద్దరికీ గిట్టుబాటు కాదు. పైగా అసోసియేషన్ల వైపు పనిచేసే ఫర్మ్ యజమాని పక్షాన ఒక వాదనను గెలిపిస్తే, రేపు అదే వాదన తన మిగతా క్లయింట్ల మీదకు వస్తుంది. అందువల్ల కచ్చితమైన ప్రయోజన వైరుధ్యం లేని చోట కూడా చాలా ఫర్మ్‌లు యజమానుల కేసులు తీసుకోబోమని ముందే చెప్పేస్తాయి. అలా చెప్పడం నిజాయితీ. యజమానికి ఆ మాట పది ఫోన్లు చేశాక తెలుస్తుందన్నదే ఇబ్బంది.

ఈ చీలిక తెలిస్తే వెతికే పద్ధతే మారుతుంది. టెక్సాస్‌లో బోర్డ్ ఆఫ్ లీగల్ స్పెషలైజేషన్ ప్రాపర్టీ ఓనర్స్ అసోసియేషన్ చట్టంలో ప్రత్యేక సర్టిఫికేషన్ ఇస్తుంది. ఫ్లోరిడా బార్ కూడా కాండోమినియం, ప్లాన్డ్ డెవలప్‌మెంట్ చట్టంలో అలాంటిదే ఇస్తుంది. జాతీయ స్థాయిలో కాలేజ్ ఆఫ్ కమ్యూనిటీ అసోసియేషన్ లాయర్స్ పేరుతో ఒక గుర్తింపు ఉంది. ఇవన్నీ పరిజ్ఞానానికి రుజువులే, పక్షానికి కావు. ఆ జాబితాల్లోని లాయరును పిలిచినప్పుడు మొదటి వాక్యంలోనే సబ్‌డివిజన్ (కాలనీ) పేరు, అసోసియేషన్ పూర్తి పేరు, మేనేజ్‌మెంట్ కంపెనీ పేరు చెప్పి, వాళ్లెవరికైనా పనిచేస్తున్నారా, యజమానుల పక్షాన కేసులు తీసుకుంటారా అని అడగాలి. వివాదం వివరాలు ఆ జవాబు వచ్చాకే చెప్పాలి.

ఇంతకంటే నమ్మకమైన దారి ఒకటుంది, ఎందుకో దాన్ని ఎక్కువమంది వాడరు. చాలా కౌంటీల్లో సివిల్ కేసుల సూచిక ఆన్‌లైన్‌లో ఉంటుంది. అక్కడ తమ అసోసియేషన్ పేరు, లేదా ఉత్తరం పంపిన లా ఫర్మ్ క్లయింట్లుగా తెలిసిన పక్క కాలనీల పేర్లు కొట్టి చూస్తే, గత కొన్నేళ్లలో వాటికి ఎదురుగా యజమానుల తరఫున హాజరైన లాయర్ల పేర్లు కనిపిస్తాయి. కేసు ఎలా ముగిసిందో, ఎన్నాళ్లు నడిచిందో కూడా అక్కడే తెలుస్తుంది. రెండు మూడు కేసుల్లో మళ్లీ మళ్లీ కనిపించే పేరు ప్రకటనల్లో కనిపించే పేరు కంటే విలువైనది. ఆ పేరును రాష్ట్ర బార్ వెబ్‌సైట్‌లో చూస్తే లైసెన్సు చెల్లుబాటులో ఉందో లేదో, క్రమశిక్షణ చర్యలేమైనా ఉన్నాయో కూడా తెలిసిపోతుంది.

తెలుగువారు లాయరును వెతికే తీరు గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. వాట్సాప్ గ్రూపులో అడిగితే వచ్చే పేర్లు ఎక్కువగా వీసా లాయర్లవి, లేదా ఇల్లు కొన్నప్పుడు కాగితాలు చూసినవారివి. టెక్సాస్‌లో ఇంటి క్లోజింగ్ (కొనుగోలు పూర్తిచేసే ప్రక్రియ) టైటిల్ కంపెనీ (ఆస్తి హక్కు పత్రాలు చూసే సంస్థ) దగ్గరే అయిపోతుంది గాని, న్యూజెర్సీ ఉత్తర, మధ్య భాగాల్లో కొనేవారికి ఒక లాయరు ఉండటం ఆనవాయితీ కాబట్టి ఎడిసన్ వైపు వాళ్లు ఆయన్నే మళ్లీ పిలుస్తారు. ఆయన మంచివాడే కావచ్చు. కాని కొనుగోలు కాగితాలు చూడటం వేరు, డిక్లరేషన్ ఉల్లంఘన మీద కోర్టులో వాదించడం వేరు. కంటి డాక్టరు దగ్గరికి పంటి నొప్పితో వెళ్లినట్టుంటుంది ఆ వ్యవహారం. భాష తెలిసిన లాయరు దొరకడం పెద్దవాళ్లకు నిజంగా ఊరటే, అయినా ఆ ఒక్క అర్హతతో ఎంపిక ముగిసిపోకూడదు.

వివాదం రకాన్ని బట్టి వెతకాల్సిన లాయరు రకమూ మారుతుంది, హెచ్‌ఓఏ లాయరు అన్న బోర్డు కోసమే చూడనక్కర్లేదు. బకాయి వసూలు ఉత్తరం లా ఫర్మ్ నుంచి వచ్చిందంటే, అది ఫెడరల్ అప్పుల వసూలు చట్టం కిందకు రావచ్చు. వృత్తిగా వినియోగదారుల అప్పులు వసూలు చేసే లాయర్లకు కూడా 1977 నాటి ఈ చట్టం వర్తిస్తుందని అమెరికా సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది; అసోసియేషన్ డ్యూస్ కూడా అలాంటి అప్పేనని పలు ఫెడరల్ అప్పీలు కోర్టులు చెప్పాయి. నోటీసు అందిన 30 రోజుల్లో బాకీని రాతపూర్వకంగా ప్రశ్నిస్తే, వివరాలు పంపేదాకా వసూలు ఆపాలి. ఉల్లంఘన రుజువైతే 1,000 డాలర్ల దాకా చట్టబద్ధ పరిహారంతోపాటు యజమాని లాయరు ఫీజు కూడా అవతలి పక్షమే భరించాలి. అందుకని వినియోగదారుల చట్టం చూసే లాయర్లు ఇలాంటి కేసును ముందుగా డబ్బు అడగకుండానే తీసుకునే అవకాశం ఉంది. హెచ్‌ఓఏ లాయరు దొరక్క విసిగిపోయిన యజమాని ఈ తలుపు తట్టి చూడాలి.

మతం, జాతి, పుట్టిన దేశం, వైకల్యం, పిల్లలు ఉండటం వంటి కారణాలతో వేరుగా చూశారన్న ఫిర్యాదు అయితే అది ఫెయిర్ హౌసింగ్ చట్టం వ్యవహారం. కేంద్ర గృహనిర్మాణ శాఖకు ఒక సంవత్సరం లోపు ఉచితంగా ఫిర్యాదు చేసుకోవచ్చు, కోర్టుకు వెళ్లడానికి రెండేళ్ల గడువుంది. దానికి పౌరహక్కుల లాయర్లు ఉన్నారు. కాండోలో పై యూనిట్ నుంచి నీళ్లు కారిన కేసులో లాయరు కంటే ముందు ఇన్సూరెన్స్ కంపెనీని కదిలించాలి. బిల్డరు లోపాల కేసులు పెద్దవి, వాటికి వచ్చిన మొత్తంలో వాటా తీసుకునే లాయర్లు దొరుకుతారు.

మతపరమైన అలంకరణల విషయంలో టెక్సాస్ చట్టం చెప్పేది తెలుగు ఇళ్లకు బాగా దగ్గరగా ఉంటుంది కనుక కొంచెం వివరంగా చూడాలి. 2011లో వచ్చిన నిబంధన గుమ్మం తలుపుకు, ద్వారబంధానికి పరిమితమైంది. మొత్తం 25 చదరపు అంగుళాలు దాటకూడదన్న హద్దు కూడా అందులో ఉండేది. మామిడాకుల తోరణం ఒక్కటే ఆ హద్దును దాటేస్తుంది. 2021లో ఆ చట్టాన్ని సవరించి, యజమాని తన మతవిశ్వాసంతో తన స్థలంలో గాని ఇంటి మీద గాని పెట్టుకునే వస్తువులను అసోసియేషన్ నిషేధించకుండా చేశారు, కొలత హద్దును ఎత్తేశారు. ప్రజల భద్రతకు ముప్పు, చట్ట ఉల్లంఘన, ఈజ్‌మెంట్‌లోకి (ఇతరుల వాడకానికి విడిచిన స్థలంలోకి) చొచ్చుకురావడం వంటి మినహాయింపులు మాత్రం ఉన్నాయి. ఆచరణలో తేడా ఇక్కడే వస్తుంది. గుమ్మానికి కట్టిన తోరణం మీద ఉల్లంఘన నోటీసు వస్తే లాయరు దాకా పోనక్కర్లేదు, ఆస్తి చట్టంలోని 202.018 సెక్షన్‌ను ఉదహరిస్తూ ఒక ఉత్తరం రాస్తే సరిపోతుంది. అదే ఇంటి ముందు స్థలంలో అనుమతి తీసుకోకుండా సిమెంటుతో కట్టిన తులసి కోట అయితే, అది సెట్‌బ్యాక్ గీత (హద్దు నుంచి ఖాళీగా వదలాల్సిన దూరాన్ని చూపే గీత) దాటిందా, డ్రైనేజీ ఈజ్‌మెంట్ మీద ఉందా అన్న ప్రశ్నలు వస్తాయి. అక్కడ ప్లాట్ మ్యాపు చదవగల రియల్ ఎస్టేట్ లాయరు అవసరం.

లాయరు అసలు అవసరమా అన్న ప్రశ్న కూడా ఇక్కడే తేల్చుకోవాలి, ఎందుకంటే చట్టం యజమానికి సొంతంగా వాడుకోగల ఆయుధాలు కొన్ని ఇచ్చింది. టెక్సాస్ ఆస్తి చట్టంలోని 209వ అధ్యాయం ప్రకారం జరిమానా వేసే ముందు అసోసియేషన్ రాతపూర్వక నోటీసు ఇవ్వాలి, సరిదిద్దుకోగల ఉల్లంఘన అయితే దానికి గడువు ఇవ్వాలి. నోటీసు పంపిన తేదీ నుంచి 30 రోజుల్లో యజమాని బోర్డు ముందు హియరింగ్ కోరవచ్చు. 2021 సవరణల తర్వాత, హియరింగ్‌కు 10 రోజుల ముందే అసోసియేషన్ తాను చూపబోయే ఫొటోలు, ఉత్తరాలు అన్నీ యజమానికి అందజేయాలి. రికార్డులు కావాలని సర్టిఫైడ్ మెయిల్‌లో కోరితే 10 పనిదినాల్లో స్పందించాలి. ఇవ్వకపోతే చిన్న వివాదాలు చూసే జస్టిస్ కోర్టుకు వెళ్లవచ్చు, అక్కడ లాయరు లేకుండా వాదించుకోవడం మామూలే. బాకీని బయటి వసూలు సంస్థకు అప్పగించే ముందు కనీసం 45 రోజుల గడువుతో నోటీసు పంపాలి. 14 ప్లాట్లకు మించిన అసోసియేషన్ వాయిదాల పద్ధతి కూడా ఇవ్వాలి. యజమాని కట్టిన సొమ్ము మొదట పాత డ్యూస్‌కు, తర్వాత ప్రస్తుత డ్యూస్‌కు, ఆ పైన లాయరు ఫీజులకు, ఆ తర్వాతే జరిమానాలకు జమ కావాలి. లెడ్జర్‌ను ఈ వరసతో సరిపోల్చుకుంటే తప్పులు చాలాసార్లు కంటికే కనిపిస్తాయి. కేవలం జరిమానాల కోసం, వాటికి సంబంధించిన లాయరు ఫీజుల కోసం ఇంటిని ఫోర్‌క్లోజ్ చేయడానికి వీల్లేదు.

అయితే ఈ 209వ అధ్యాయం విడి ఇళ్ల సబ్‌డివిజన్లకే. టెక్సాస్ కాండోలకు 82వ అధ్యాయం, 1994కు ముందు ఏర్పడినవాటికి చాలావరకు 81వ అధ్యాయం వర్తిస్తాయి. విడి ఇంటి విషయంలో డ్యూస్ లియెన్‌ను అమలు చేయాలంటే సాధారణంగా కోర్టు ఉత్తర్వు కావాలి. కాండో విషయంలో అలా కాదు. యూనిట్ కొనడంతోనే యజమాని అసోసియేషన్‌కు విక్రయాధికారం ఇచ్చినట్టు 82వ అధ్యాయం భావిస్తుంది, కోర్టు మెట్లు ఎక్కకుండానే వేలం జరగవచ్చు. కాండో యజమాని పక్కవీధిలో విడి ఇల్లున్న స్నేహితుడి అనుభవాన్ని నమ్ముకుని తీరిగ్గా కూర్చుంటే నష్టపోతాడు. ఫోన్‌లో మాట్లాడిన మొదటి రెండు నిమిషాల్లో ఇది ఇల్లా కాండోనా అని అడగని లాయరు ఈ పని పెద్దగా చేయలేదని గ్రహించవచ్చు. కాలిఫోర్నియాలో ఒకే డేవిస్-స్టర్లింగ్ చట్టం రెండింటికీ వర్తిస్తుంది, అక్కడ 1,800 డాలర్ల లోపు డ్యూస్‌కు, బకాయి ఏడాది దాటకపోతే ఫోర్‌క్లోజర్ కుదరదు. ఫ్లోరిడాలో కాండోలకు 718వ అధ్యాయం, హెచ్‌ఓఏలకు 720వ అధ్యాయం. 2021 జూన్‌లో సర్ఫ్‌సైడ్‌లో కాండో భవనం కూలి 98 మంది చనిపోయిన తర్వాత వచ్చిన తనిఖీ, రిజర్వు నిధి (మరమ్మతుల కోసం దాచే సొమ్ము) నిబంధనల వల్ల కాండో యజమానుల మీద పెద్ద పెద్ద ప్రత్యేక వసూళ్లు పడి, అక్కడ ఈ లాయర్లకు గిరాకీ పెరిగింది. ఒక రాష్ట్రంలో చదివిన సలహా మరో రాష్ట్రంలో చెల్లదు.

ఫీజు లెక్క మొదట్లోనే అర్థం చేసుకోకపోతే గెలిచిన కేసు కూడా ఓడినట్టే అనిపిస్తుంది. లాయర్లు సమయాన్ని ఆరేసి నిమిషాల ముక్కలుగా లెక్కిస్తారు. గంటకు 400 డాలర్లు అనుకుంటే, రెండు నిమిషాల్లో చదివి జవాబిచ్చిన ఈమెయిల్‌కు కూడా 40 డాలర్లు పడుతుంది. కోపంలో రోజుకు మూడు ఈమెయిళ్లు పంపే అలవాటున్నవారు వాటిని ఒక్కదానిలో కూర్చి పంపడం నేర్చుకోవాలి. రిటైనర్‌గా ముందు కట్టిన సొమ్ము పని జరిగేదాకా ట్రస్ట్ ఖాతాలో ఉండాలి, మిగిలింది తిరిగి రావాలి. ఒప్పంద పత్రంలో ఈ వాక్యం ఉందో లేదో చూసుకోవాలి. మొత్తం కేసు కాకుండా పత్రాలు చదివి అభిప్రాయం చెప్పడం, ఒక ఉత్తరం రాయడం, హియరింగ్‌కు సిద్ధం చేయడం వంటి పరిమిత పనికి స్థిరమైన ఫీజుతో ఒప్పుకునే లాయర్లున్నారు. హెచ్‌ఓఏ వివాదాల్లో ఎక్కువభాగానికి సరిగ్గా సరిపోయే పద్ధతి ఇదే. ఉద్యోగం ఇచ్చిన కంపెనీ ద్వారా లీగల్ ప్లాన్ తీసుకున్న ఐటీ ఉద్యోగులు చాలామంది దాన్ని వీలునామాకు తప్ప వాడరు. అందులో పత్రాల పరిశీలన ఉందేమో చూడటానికి ఖర్చేమీ లేదు.

ఓడినవాడు గెలిచినవాడి ఫీజు కట్టే నియమం ఈ రంగాన్ని ఎక్కువగా శాసిస్తుంది. కాలిఫోర్నియాలో నిబంధన పత్రాల అమలు కోసం వేసిన దావాలో ఎవరు గెలిస్తే వారికి ఫీజు వస్తుంది. టెక్సాస్‌లో ఆస్తి చట్టం 5.006 సెక్షన్ అలా రెండు వైపులా పనిచేయదు: దావా వేసి గెలిచిన పక్షానికి ఫీజు ఇప్పిస్తుంది గాని, దావాను తిప్పికొట్టి గెలిచినవారికి ఆ సెక్షన్ కింద ఆ హక్కు రాదు. అంటే అసోసియేషన్ దావా వేసి గెలిస్తే యజమాని దాని లాయరు ఫీజు కట్టాలి; యజమాని గెలిస్తే తన ఫీజు తనకు రావడానికి వేరే ఆధారం వెతుక్కోవాలి. షెడ్డు రంగు మీద మొదలైన తగాదాలో ఇరుపక్షాల ఫీజులు షెడ్డు ఖరీదును దాటిపోవడం ఈ లెక్క వల్లే జరుగుతుంది. కనుక మొదటి సమావేశంలో "గెలుస్తామా" అన్నదానికంటే "ఓడితే మొత్తం ఎంత కట్టాలి, గెలిస్తే ఎంత తిరిగి వస్తుంది, ఏ సెక్షన్ కింద" అన్న ప్రశ్నకు సూటి జవాబు రాబట్టాలి. దీనికి అంకెలతో జవాబు చెప్పగల లాయరే ఈ పనికి తగినవాడు.

బోర్డుల్లో సభ్యులవుతున్న తెలుగువారి సంఖ్య కూడా పెరుగుతోంది, వారికి వెతుకులాట అవతలి వైపు నుంచి ఉంటుంది. కొత్త కాలనీల్లో బోర్డు మొదట బిల్డరు చేతిలో ఉంటుంది. టెక్సాస్‌లో 75 శాతం ప్లాట్లు అమ్ముడైన 120 రోజుల్లోగా బోర్డులో కనీసం మూడో వంతు సభ్యులను ఇళ్ల యజమానులు ఎన్నుకోవాలి. పూర్తి అధికారం చేతికొచ్చిన బోర్డు చాలాచోట్ల బిల్డరు పెట్టిన లాయరునే కొనసాగిస్తుంది. రోడ్లు, డ్రైనేజీ, క్లబ్‌హౌస్ పైకప్పు లోపాల మీద బిల్డరును నిలదీయాల్సిన సమయం సరిగ్గా అదే కాబట్టి, డిక్లరేషన్‌ను బిల్డరు కోసం రాసిపెట్టిన ఫర్మ్‌తో ఆ పని చేయించుకోవాలనుకోవడం పెద్ద పొరపాటు. వసూళ్ల పనికి, సలహా పనికి వేర్వేరు లాయర్లను పెట్టుకోవడం కూడా ఆలోచించదగినదే. 450 డాలర్ల బాకీ మీద ఎన్ని ఉత్తరాలు పంపాలో నిర్ణయించేది ఆ ఉత్తరాల మీద ఫీజు వచ్చే ఫర్మ్ కాకూడదు, బోర్డు కావాలి.

చివరగా, ఇండియాకు తిరిగి వచ్చేసి అమెరికాలోని ఇంటిని అద్దెకిచ్చిన యజమానులు. వీరిది అన్నిటికంటే బలహీనమైన స్థితి, ఎందుకంటే నోటీసులు అసోసియేషన్ రికార్డులో ఉన్న చిరునామాకే వెళ్తాయి. అద్దెకున్నవారు ఆ కవర్లను సొరుగులో పెట్టేస్తారు. కొందరు స్నేహితుడికి పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చి నిశ్చింతగా ఉంటారు. ఆ పత్రంతో స్నేహితుడు సంతకాలు చేయగలడు, డబ్బు కట్టగలడు గాని, జిల్లా కోర్టులో లాయరుగా నిలబడలేడు. ఇల్లు ఏ కౌంటీలో ఉందో అక్కడి కోర్టులు తెలిసిన లాయరును వీడియో కాల్‌లో కుదుర్చుకోవడం ఇప్పుడు కష్టం కాదు. అంతకుముందే మారిన చిరునామాను, ఈమెయిల్‌ను అసోసియేషన్‌కు రాతపూర్వకంగా తెలిపి, అందినట్టు రసీదు దాచుకోవాలి. టెక్సాస్‌లో డ్యూస్ లియెన్ మీద ఫోర్‌క్లోజ్ అయిన విడి ఇంటిని యజమాని బాకీ, ఖర్చులు చెల్లించి తిరిగి దక్కించుకోవడానికి 180 రోజుల గడువుంది. ఆ 180 రోజుల లెక్క వేలం సంగతి తెలుపుతూ అసోసియేషన్ నోటీసును పోస్టులో వేసిన తేదీ నుంచి మొదలవుతుంది, అది కూకట్‌పల్లికి చేరిన రోజు నుంచి కాదు.